ఒక్క రాత్రి ఒన్సెన్ ర్యోకాన్‌లో: ఎలా ఎంచుకోవాలి, ఏం అడగాలి, ఎక్కడ పొరపాటు పడతాం

"అక్కా, మేలో అమ్మానాన్న వస్తున్నారు. హకోనెలో మంచి ర్యోకాన్ ఒకటి చెప్పవా?"

ఏటా మార్చి వచ్చేసరికి ఈ మెసేజ్ మొదలవుతుంది. ర్యోకాన్ అంటే జపాన్‌లో పాత పద్ధతిలో నడిచే బస, హకోనె టోక్యో దగ్గరి వేడినీటి బుగ్గల ఊరు. టోక్యోలో ఉద్యోగాలు చేసేవాళ్లు అడుగుతారు, హైదరాబాద్ నుంచి పది రోజుల ట్రిప్పుకి వచ్చేవాళ్లూ అడుగుతారు. పేరు చెప్పడం నిమిషం పని. కానీ మీ నాన్నగారు చేప ముట్టరు, అత్తయ్యగారు నేల మీద కూర్చోలేరు, మీకేమో నలుగురిలో బట్టలు తీయడం ఇబ్బంది. మా ఇంటికి సరిపోయింది మీ ఇంటికి సరిపోదు. అందుకే ఈసారి పేరు కాదు, ఎంచుకునే పద్ధతి మొత్తం రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ర్యోకాన్ రాత్రి పడుకోవడానికి తీసుకునే గది కాదు. మధ్యాహ్నం 3 గంటలకి చేరతారు. స్నానం చేసి యుకాతా అనే పల్చటి నూలు అంగీ కట్టుకుంటారు, ఆరింటికో ఆరున్నరకో భోంచేస్తారు, పడుకునే ముందు మళ్లీ స్నానం, పొద్దున్నే ఇంకోసారి స్నానం, టిఫిన్, 10 గంటలకి ఖాళీ చేయడం. మొత్తం 19 గంటలు. మీరు కట్టే డబ్బంతా ఈ 19 గంటలకే. ఊళ్లో చూడాల్సినవి ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఈ 19 గంటలు మీ ఇంట్లోవాళ్లకి హాయిగా గడుస్తాయా లేదా అన్నదే చూడాలి.

వెతకడానికి ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- ఎంతమంది, ఎవరి వయసెంత. పిల్లల వయసు విడివిడిగా రాసుకోండి, ధర దాని మీదే ఆధారపడుతుంది.
- ఎవరు ఏం తినరో పేరుపేరునా. "వెజ్" అని ఒక్క మాట రాసి వదిలేయకండి.
- మోకాళ్ల నొప్పి, బీపీ, గుండె జబ్బు, గర్భం, ఒంటి మీద పచ్చబొట్టు. వీటిలో ఏది ఉన్నా.
- తలకి ఎంత పెట్టగలరు. గదికి కాదు, తలకి.
- రెండు తేదీలు. వాటిలో ఒకటైనా ఆదివారం నుంచి గురువారం మధ్యలో ఉండాలి. శనివారం రాత్రి, సెలవుకి ముందు రాత్రి ధర బాగా పెరుగుతుంది.
- ఇండియా నుంచి వచ్చేవాళ్లయితే పాస్‌పోర్టులు. జపాన్‌లో నివాసం లేని విదేశీయుల పాస్‌పోర్టు నకలు తీసుకోవడం అక్కడి బసలకు తప్పనిసరి.

1. స్నానం దగ్గర మొదలుపెట్టండి

ఒన్సెన్ అంటే వేడినీటి బుగ్గ. ఆ నీళ్లు ర్యోకాన్‌లోని పెద్ద తొట్టిలోకి పారుతుంటాయి. నలుగురూ స్నానం చేసే ఆ పెద్ద తొట్టి దైయొకుజో. ఆరుబయట ఉంటే రొతెంబురో. మామూలుగా మగవాళ్లకి వేరు, ఆడవాళ్లకి వేరు. లోపల ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. స్విమ్‌సూట్ కుదరదు, లుంగీ కుదరదు, తువ్వాలు చుట్టుకుని నీళ్లలోకి దిగడమూ కుదరదు.

ఇది వినగానే "అయితే మాకొద్దులే" అనేవాళ్లే ఎక్కువ. ముఖ్యంగా మన అమ్మలు. అక్కడితో ఆగిపోకండి, దారులున్నాయి.

కషికిరి బురో: ఒక చిన్న స్నానపు గదిని 40, 50 నిమిషాలు మీ ఒక్క కుటుంబానికే ఇస్తారు, లోపల గడియ వేసుకోవచ్చు. కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల రెండు మూడు వేల యెన్లు తీసుకుంటారు. మొదటిసారి వెళ్లే తెలుగు కుటుంబానికి నేను ముందుగా చెప్పేది ఇదే. భార్యాభర్తలు కలిసి వెళ్లొచ్చు, అమ్మ ఒక్కతే వెళ్లొచ్చు, చిన్నపిల్లల్ని తీసుకెళ్లొచ్చు. అయితే దాన్ని ముందే బుక్ చేయాలా, వచ్చాక పేరు రాయించాలా అన్నది కచ్చితంగా అడగండి. వచ్చాక రాయించే పద్ధతయితే 3 గంటలకల్లా అక్కడుండాలి. ఐదింటికి వెళ్తే మంచి వేళలు అయిపోతాయి.

గదిలోనే రొతెంబురో ఉన్న ర్యోకాన్: ధర ఎక్కువ, మొహమాటం సున్నా. ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. గదిలో తొట్టి ఉన్నంత మాత్రాన అందులో వచ్చేవి బుగ్గ నీళ్లు కాకపోవచ్చు. కొన్ని గదుల్లో మామూలు కుళాయి నీళ్లే వేడి చేసి ఇస్తారు. "గదిలోని తొట్టికి వచ్చేవి ఒన్సెన్ నీళ్లేనా?" అని అడగండి. ఫోటోలో కనిపించే గది, మీరు బుక్ చేస్తున్న గది ఒకటేనా అన్నదీ చూసుకోండి. మొదటి ఫోటోలో అన్నిటికంటే ఖరీదైన గదిని పెట్టడం మామూలే.

ఖాళీ వేళలు: నలుగురిలో ఫరవాలేదు గాని జనం తక్కువుంటే బాగుండు అనుకునేవాళ్లకి ఇది సరిపోతుంది. అందరూ భోజనాలకు కూర్చునే ఆరున్నర, ఏడున్నర మధ్య తొట్టి దాదాపు ఖాళీగా ఉంటుంది. దీని కోసం మీ భోజనం మొదటి పంక్తిలో గానీ చివరి పంక్తిలో గానీ పెట్టించుకోండి.

ఏదీ కుదరకపోతే హకోనెలో యునెస్సన్ అనే చోటుంది. అక్కడ స్విమ్‌సూట్‌తో ఆడామగా పిల్లాపాపా అందరూ కలిసి దిగొచ్చు. పగలు అక్కడ గడిపి, రాత్రికి మామూలు గదిలో ఉండొచ్చు. ర్యోకాన్ అనుభవం రాదు గాని పిల్లలు మాత్రం గెంతుతారు.

ఇంకో మూడు హెచ్చరికలు. ఏడేళ్లు వచ్చిన బాబుని అమ్మతో ఆడవాళ్ల వైపు రానివ్వరు. 2020 చివర్లో అక్కడి ఆరోగ్య శాఖ సూచన మార్చినప్పటి నుంచి చాలాచోట్ల ఇదే నియమం. నాన్న లేకుండా వెళ్తుంటే కషికిరి తప్ప దారి లేదు. డైపర్ వేసే పసివాళ్లని పెద్ద తొట్టిలోకి చాలాచోట్ల ఒప్పుకోరు. ఇక పచ్చబొట్టు. మన అమ్మమ్మల చేతి మీద ఉండే చుక్కలు, పేర్లు వాళ్లకి తెలియవు. పచ్చబొట్టు అంటే అక్కడ రౌడీ ముఠాల గుర్తు అనే భయం ఇంకా పోలేదు. జపాన్ పర్యాటక సంస్థ 2015లో అడిగితే, జవాబిచ్చిన బసల్లో సగానికి పైగా పచ్చబొట్టు ఉన్నవాళ్లని పెద్ద తొట్టిలోకి రానివ్వం అన్నాయి. చిన్నదైతే చర్మం రంగు పట్టీ అతికించుకుంటే కొన్నిచోట్ల సరిపోతుంది. కినొసాకి ఊళ్లోని సామూహిక స్నానశాలల్లో మాత్రం పచ్చబొట్టు ఉన్నా రానిస్తారు.

2. భోజనం సంగతి డబ్బు కట్టకముందే తేల్చండి

మనవాళ్లు ఎక్కువగా బాధపడేది ఇక్కడే.

ర్యోకాన్ భోజనం పేరు కైసెకి. చిన్న చిన్న గిన్నెల్లో పది పన్నెండు రకాలు వరసగా వస్తాయి. వంటవాళ్లు సరుకులు రెండు మూడు రోజుల ముందే తెప్పించుకుంటారు, కాబట్టి వెళ్లాక "మేం వెజిటేరియన్" అంటే వాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు. పాపం వాళ్లూ ఇబ్బంది పడతారు, మనమూ పస్తుంటాం.

అసలు చిక్కు దషి. దషి అంటే చారునీళ్లు. ఎండబెట్టిన కత్సువో చేప పొట్టుని, కొంబు అనే సముద్రపు నాచుని నీళ్లలో వేసి తీస్తారు. మిసో అనే సోయా ముద్దతో చేసే సూప్ అడుగున అదే, ఉడికించిన కూరగాయల్లో అదే, తెంపురా అనే బజ్జీలు నంజుకునే పులుసులో అదే. చవన్‌ముషి అనే ఆవిరి వంటకంలో గుడ్డూ దషీ రెండూ ఉంటాయి. వంకాయ ముక్క చూసి హమ్మయ్య అనుకుంటాం, కానీ అది ఉడికింది చేపనీళ్లలో. చల్లటి తోఫు మీద కూడా చేప పొట్టు చల్లి ఇస్తారు. వేడి వంటకం మీదైతే ఆ పొట్టు ఆవిరికి ఊగుతుంది. పల్చగా, రంపపు పొట్టులా లేత గోధుమ రంగులో కదులుతుంటే అదేనని గుర్తుపట్టండి. నత్తో అనే పులియబెట్టిన సోయా గింజలతో ఇచ్చే చిన్న పులుసు ప్యాకెట్‌లోనూ చాలాసార్లు చేప సారం ఉంటుంది.

కాబట్టి "వెజిటేరియన్" అన్న మాట మీద భరోసా పెట్టుకోకండి. ఆ మాటకి "మాంసం తినరు, చేప తింటారు" అని అర్థం చేసుకునేవాళ్లు అక్కడ ఉన్నారు. బుక్ చేసే ముందు ఇలా రాసి పంపండి. అనువాద యాప్‌లో పెట్టినా చెడిపోకుండా వాక్యాలు చిన్నవిగా ఉంచాను.

"మేం నలుగురం. ఇద్దరు మాంసం తినరు. చేప తినరు. రొయ్యలు, పీతలు, గవ్వలు తినరు. గుడ్డు తినరు. చేపతో తీసిన దషి కూడా తినరు. కొంబు దషి తింటారు. ఎండు పుట్టగొడుగుల దషి తింటారు. పాలు, పెరుగు తింటారు. ఇలా వండి పెట్టగలరా? అదనంగా ఎంత కట్టాలి? వీలుకాకపోతే భోజనం లేకుండా గది ఇస్తారా?"

ఫోన్‌లో చెప్పాలంటే ఇంత చాలు: "నికు, సకనా, తమాగో వా తబెరారెమాసెన్. కత్సువో దషి మో దమే దెస్. కొంబు దషి వా దైజోబు దెస్." మాంసం, చేప, గుడ్డు తినలేం, చేప దషి కూడా కుదరదు, కొంబు దషి ఫరవాలేదు అని.

జవాబు ఎలా వచ్చిందో జాగ్రత్తగా చదవండి. "చేస్తాం" అని ఏమేం పెడతారో రాస్తే నిశ్చింత. "వీలైనంత ప్రయత్నిస్తాం" అని వస్తే, దషి విషయంలో వీలుకాదన్నట్టే తీసుకోండి. "మా దగ్గర కుదరదు" అని సూటిగా చెబితే కోపం తెచ్చుకోకండి, వాళ్లు మీ మేలే చేశారు.

కుదరనప్పుడు దారులు ఇవి. పొద్దుటి టిఫిన్ మాత్రమే ఉన్న ప్లాన్, లేదా సుదొమారి అంటే భోజనం లేని ప్లాన్ తీసుకుని, ఊళ్లో తినే చోటు వెతుక్కోవడం. హకోనె, అతామి, బెప్పు లాంటి పెద్ద ఊళ్లలో ఇది నడుస్తుంది. కురొకావా లాంటి కొండల మధ్య చిన్న ఊళ్లో రాత్రి భోజనానికి బయట దొరకడం కష్టం. రెండో దారి బఫే ఉన్న పెద్ద హోటల్ తరహా ర్యోకాన్, వాళ్లు దాన్ని బైకింగు అంటారు. పిల్లలకి ఇది బాగా నప్పుతుంది, పళ్లు, బ్రెడ్డు, అన్నం, ఐస్‌క్రీమ్ ఎలాగూ ఉంటాయి.

మూడో దారి నాకు చాలా ఇష్టమైనది. ఒసాకా వైపు వెళ్లేవాళ్లు కొయాసాన్ కొండ మీది గుళ్లలో బస చేయండి. కూకాయ్ అనే బౌద్ధ గురువు 816లో నెలకొల్పిన క్షేత్రం అది, 2004 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. అక్కడ షొజిన్ అనే బౌద్ధ సన్యాసుల శాకాహార భోజనంలో మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు. కార్తీక మాసంలో మన ఇంట్లో వండినట్టే అనిపించింది నాకు. తెల్లవారుజామున పూజకి కూర్చోవచ్చు. చాలా గుళ్లలో బుగ్గ నీళ్లుండవు, మామూలు వేడినీళ్ల తొట్టే. ఒన్సెన్ కోసమే వెళ్తున్నవాళ్లకి ఇది సరిపోదు. కానీ నాన్నగారు ఆచారంగా ఉండేవాళ్లయితే నేను ఒన్సెన్ వదిలేసి ఇదే ఎంచుకుంటాను.

ఆవకాయ, కందిపొడి తీసుకెళ్లొచ్చా అని తప్పకుండా అడుగుతారు. చిన్న డబ్బాలో తీసుకెళ్లండి, గదిలో తినండి. భోజనాల హాల్లో మాత్రం వాళ్లని అడగకుండా మూత తీయకండి. తెల్లన్నం అడిగితే ఇంకొంచెం పెడతారు.

3. ఊరు ఎంచుకోండి, ప్రయాణం మాత్రం రెండున్నర గంటలు దాటనివ్వకండి

ఒక్క రాత్రికి వెళ్తున్నప్పుడు ఇంటి గుమ్మం నుంచి ర్యోకాన్ గుమ్మం దాకా రెండున్నర గంటలు చాలు. అంతకు మించితే పెద్దవాళ్లు అలిసిపోయి చేరతారు, మధ్యాహ్నం స్నానం తప్పిపోతుంది.

టోక్యో నుంచి హకోనె సులువు. షింజుకు స్టేషన్‌లో రొమాన్స్‌కార్ అనే రైలు ఎక్కితే గంటన్నరలోపు హకోనె యుమొతో. షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో అతామి ఇంకా దగ్గర, గంట కూడా పట్టదు. కుసత్సు నీళ్లు గొప్పవి గాని షింజుకు నుంచి బస్సులో దాదాపు నాలుగు గంటలు, దానికి రెండు రాత్రులుండాలి. కోబె పక్కనే అరిమా ఉంది. అక్కడి ఇనుప నీళ్లు తుప్పు రంగులో ఉంటాయి, తెల్ల తువ్వాలు ముంచితే మరక పోదు. నగోయా నుంచి గెరో, ఫుకువోకా నుంచి యుఫుయిన్, సప్పొరో నుంచి నొబొరిబెత్సు.

కియోతో, ఒసాకాల నుంచి కినొసాకి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రైల్లో రెండున్నర గంటలు, నా లెక్కకి సరిగ్గా అంచున ఉంది. అక్కడ ఊరంతా ఒక్క ర్యోకాన్ లాంటిది. ఏ ర్యోకాన్‌లో దిగినా ఊళ్లోని సామూహిక స్నానశాలలకి ఉచితంగా వెళ్లే పాస్ ఇస్తారు. సాయంత్రమయ్యేసరికి జనమంతా యుకాతాలు కట్టుకుని చెక్క చెప్పులు టకటకలాడిస్తూ, కాలవ గట్టున ఒక స్నానం నుంచి ఇంకో స్నానానికి నడుస్తుంటారు. నలుగురిలో స్నానానికి అభ్యంతరం లేనివాళ్లకి దీన్ని మించింది లేదు. అభ్యంతరం ఉన్నవాళ్లకి మాత్రం ఈ ఊరు డబ్బు దండగ, ఎందుకంటే ఊరి సొగసంతా ఆ స్నానశాలల్లోనే ఉంది. ఒక్కొక్కటి వారంలో ఒక్కో రోజు మూసేస్తారు, మీరు వెళ్లే రోజు ఏది సెలవో చూసుకోండి.

4. గది

తతామి చాపల గది పేరు వషిత్సు. పగలు నేల మీద బల్ల, రాత్రి ఫుతోన్ పరుపులు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కూర్చోవడం కన్నా లేవడమే కష్టం. వాళ్ల కోసం వయోషిత్సు అడగండి. తతామి ఉంటుంది, మంచాలూ ఉంటాయి. భోజనానికి కుర్చీ బల్ల ఉన్నాయా, పాత చెక్క భవనమైతే లిఫ్ట్ ఉందా, మరుగుదొడ్డి గదిలోనే ఉందా అన్న మూడూ అడగండి. గది కొలత చాపల లెక్కలో, "జో" అని ఉంటుంది. ఒక జో సుమారు 1.6 చదరపు మీటర్లు. నలుగురికి 10 జో కంటే తక్కువైతే పరుపులు పరిచాక నడవడానికి చోటుండదు.

5. నీళ్ల గురించి కాస్త

ఎక్కువ చదవక్కర్లేదు. 1948 నాటి చట్టం ప్రకారం భూమిలోంచి వచ్చేచోట 25 డిగ్రీలు, లేదా చట్టంలో చెప్పిన 19 పదార్థాల్లో ఏ ఒక్కటైనా తగినంత ఉంటే అది ఒన్సెన్. 25 డిగ్రీలంటే చలికాలంలో విజయవాడ కుళాయి నీళ్లంత. కాబట్టి ఒన్సెన్ అని రాసినంత మాత్రాన పొగలు కక్కుతూ భూమిలోంచి వచ్చాయని కాదు, చాలాచోట్ల వేడి చేస్తారు. అందులో తప్పేం లేదు. నీళ్లు నిరంతరం పారి బయటకి పోతుంటే కకెనగాషి అంటారు, వడగట్టి తిప్పితే జుంకన్. కకెనగాషి అయితే మంచిదే గాని, మొదటిసారికి అదే కావాలని పట్టుబట్టి మిగతావన్నీ వదులుకోకండి.

చూడాల్సింది మీ చర్మానికి ఏది పడుతుందన్నది. తంజున్ సెన్ అని ఉంటే మెత్తటి నీళ్లు, పిల్లలకి, పెద్దవాళ్లకి మంచిది. గెరో నీళ్లు ఆ రకమే. గంధకం నీళ్లు కుళ్లిన గుడ్డు వాసన వేస్తాయి. కుసత్సు నీళ్లు గాఢమైన ఆమ్లం, గీసుకున్న చోట చురుక్కుమంటుంది.

కుసత్సులో మా అమ్మ మెట్టెలతోనే దిగింది. పది నిమిషాల తర్వాత బట్టలు మార్చుకునే గదిలో పీట మీద కూర్చుని కాళ్లు తుడుచుకుంటూ ఒక్కసారి ఆగిపోయింది. రెండు మెట్టెలూ అడుగంటిన గిన్నెలా నల్లగా ఉన్నాయి. గంధకం వెండికి పట్టేసింది. ఇంటికొచ్చాక విభూతితో ఎంతసేపు తోమినా పాత మెరుపు పూర్తిగా రాలేదు. ఆ సాయంత్రమంతా ఆవిడ మనసు మెట్టెల మీదే ఉంది. అందుకే చెబుతున్నాను, పట్టీలు, మెట్టెలు, మొలతాడు వెండివైతే గదిలోనే తీసి పెట్టండి. బంగారంలో కలిసిన రాగి, వెండి వల్ల దాని మెరుపూ తగ్గొచ్చు. మంగళసూత్రం, మెట్టెలు తీయడం ఇష్టం లేని పెద్దవాళ్లుంటే వాళ్లని ఒప్పించే ప్రయత్నం చేయకండి, తంజున్ సెన్ ఉన్న ఊరే ఎంచుకోండి.

6. ధర సరిగ్గా చదవండి

ర్యోకాన్ ధర తలకి. రెండు భోజనాలతో ఒక రాత్రిని ఇప్పకు నిషొకు అంటారు. మధ్యరకం వాటిలో తలకి 15,000 నుంచి 30,000 యెన్ల దాకా ఉంటుంది. పిల్లలకి చాలాచోట్ల పెద్దల ధరలో 70, 50, 30 శాతం అని మూడు మెట్లుంటాయి. పెద్దలకి దగ్గరగా ఉండే భోజనానికి ఒకటి, పిల్లల భోజనం, పరుపుకి ఒకటి, పరుపు మాత్రమే అయితే ఒకటి.

ఒక లెక్క చూడండి. తలకి 22,000 ఉంటే ఇద్దరు పెద్దలకి 44,000. ఎనిమిదేళ్ల పాపకి 70 శాతం, అంటే 15,400. నాలుగేళ్ల బాబుకి 50 శాతం, 11,000. మొత్తం 70,400 యెన్లు. దీనికి స్నానపు పన్ను వేరు, సాధారణంగా పెద్దవాళ్లకి తలకి రాత్రికి 150 యెన్లు, దాన్ని చాలాచోట్ల అక్కడే కట్టాలి. 22,000 చూసి గది ధర అనుకున్నవాళ్లు చివరి అంకె చూసి అదిరిపడతారు.

జలాన్, రకుటెన్ ట్రావెల్ లాంటి అక్కడి సైట్లలో ప్లాన్లు ఎక్కువ కనిపిస్తాయి. విదేశీ సైట్లలో అదే ర్యోకాన్ తక్కువ ధరకి కనిపిస్తే సంతోషించే ముందు భోజనం ఉందో లేదో చూడండి, చాలాసార్లు తేడా అక్కడే. ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా, ఆగస్టు నడుమ, కొత్త సంవత్సరానికి, ఆకులు ఎర్రబడే నవంబరులో నెలల ముందే నిండిపోతాయి. ఒంటరిగా వెళ్లేవాళ్లు శనివారాలు వదిలేయండి, ఒక్కరికి గది ఇవ్వనివి చాలా ఉన్నాయి.

7. కట్టేముందు చివరి పరీక్ష

ఈ ఐదింటికీ రాతలో జవాబు మీ చేతిలో ఉందా? తినేది ఏమిటి. స్నానం ఎక్కడ, ఎప్పుడు. మంచమా పరుపా. స్టేషన్ నుంచి వాళ్ల బండి వస్తుందా, దానికి ముందే చెప్పాలా. రద్దు చేస్తే ఎన్ని రోజుల ముందు ఎంత కోస్తారు. ఆ రోజే రద్దు చేస్తే, వెళ్లకుండా ఊరుకుంటే పూర్తి డబ్బు పోవడం మామూలు. ఒక్కదానికి జవాబు లేకపోయినా కట్టకండి. రెండు రోజులైనా జవాబు రాకపోతే ఇంకో ర్యోకాన్ చూసుకోండి.

బుక్ అయ్యాక పెద్ద సూట్‌కేసులు కొరియర్‌లో నేరుగా తర్వాతి హోటల్‌కి పంపేయండి. తతామి మీద చక్రాల పెట్టె లాగకూడదు.

8. చేరిన మొదటి అరగంట

ఆరు దాటాక చేరకండి. మా మొదటి ప్రయాణంలో పిల్లల కోసం దారిలో ఆగుతూ ఆగుతూ ఏడుంపావుకి చేరాం. వంట ముగిసిపోయింది. వాళ్లు మర్యాదగానే చెప్పారు, కానీ చేయడానికి ఏమీ లేదు. ఊళ్లో దుకాణాలు కట్టేశారు. సంచిలో ఉన్న బిస్కెట్లు, రెండు అరటిపళ్లు పిల్లలకి పెట్టి పడుకోబెట్టాం. నాలుగు భోజనాల డబ్బు మాత్రం కట్టాం. ఆలస్యమయ్యేట్టుంటే రైల్లోంచే ఫోన్ చేయండి.

సరిదిద్దుకోవడానికి ఇంకా వీలుండే సమయం ఈ అరగంటే. సంతకం పెట్టేటప్పుడే మీరు పంపిన భోజనం మెసేజ్ ఫోన్‌లో తెరిచి చూపించండి, వంటగదికి చేరిందా అని అడగండి. కషికిరి వేళ రాయించండి. తర్వాత స్నానాల వైపు ఒకసారి నడిచి రండి. బట్టలు మార్చుకునే గదిలో గోడకి నీళ్ల వివరాల పత్రం ఉంటుంది. ఒక పేరున్న ఊళ్లో రంగు కోసం తొట్టిలో పొడి కలుపుతున్నారని 2004లో బయటపడ్డాక, 2005 నుంచి నీళ్లు కలిపినా, వేడి చేసినా, తిప్పినా, మందు వేసినా ఆ సంగతి అక్కడ రాసి పెట్టాల్సిందే. ఫోన్ కెమెరా మాత్రం ఆ గదిలోకి తీసుకెళ్లకండి. ర్యోకాన్ సైట్‌లోనే ఆ వివరాలు దొరుకుతాయేమో ముందే చూడండి.

యుకాతా కట్టేటప్పుడు కుడి అంచు లోపలికి, ఎడమ అంచు పైకి రావాలి. తిరగేసి కడితే శవానికి కట్టినట్టు. మనకి పైట ఎడమ భుజం మీదికే ఎలా వస్తుందో, వాళ్లకి ఇదీ అంతే.

స్నానానికి ముందు చిన్న పీట మీద కూర్చుని ఒళ్లు, తల పూర్తిగా రుద్దుకుని, సబ్బు చుక్క మిగలకుండా కడుక్కోవాలి. తొట్టి శుభ్రమైన ఒంటితో కూర్చోవడానికే. జుట్టు ముడి వేసుకోండి. చిన్న తువ్వాలు మడిచి తల మీద పెట్టుకోండి. నీళ్లు 40 నుంచి 42 డిగ్రీలుంటాయి. మొదటిసారి ఐదు నిమిషాలు చాలు, లేచి కూర్చుని మళ్లీ దిగండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు ఇంట్లో డాక్టర్ని అడిగే బయల్దేరాలి. ఒంటరిగా దిగకూడదు, కడుపు నిండా తిన్న వెంటనే దిగకూడదు, మందు తాగి అసలే దిగకూడదు. చలికాలంలో చల్లటి గదిలోంచి ఒక్కసారిగా వేడినీళ్లలోకి దిగడం పెద్దవాళ్లకి ప్రమాదం. కాళ్ల నుంచి పైకి చెంబుతో నీళ్లు పోసుకుంటూ ఒంటిని అలవాటు చేయండి. గర్భిణులు దిగకూడదన్న మాట 2014లో అధికారిక జాబితా నుంచి తీసేశారు, అయినా మీ డాక్టర్ మాటే వినండి, తడి రాళ్ల మీద జారకుండా ఒకరు తోడుండండి. నెలసరి రోజుల్లో పెద్ద తొట్టికి వెళ్లకండి, గదిలో షవర్ ఉందో లేదో ముందే కనుక్కోండి.

పొద్దున్న స్నానానికి వెళ్లేటప్పుడు నిద్రమత్తులో నిన్నటి తలుపు తోసుకుని వెళ్లిపోకండి. చాలాచోట్ల రాత్రికి రాత్రి మగవాళ్ల వైపు, ఆడవాళ్ల వైపు తారుమారు చేస్తారు, రెండు తొట్లూ అందరూ చూడాలని. మామూలుగా నీలం తెర మగవాళ్లది, ఎరుపు తెర ఆడవాళ్లది. రంగుల మీద అనుమానం ఉంటే తెర మీది అక్షరం చూడండి. పైభాగంలో నాలుగు గళ్ల కిటికీ లాంటి బొమ్మ ఉంటే అది మగవాళ్లది.

తిరుగు రైలు పదిన్నరకో పదకొండుకో ఉంటే, స్టేషన్‌కి వెళ్లే బండిలో చోటు కోసం ముందు రాత్రే రిసెప్షన్‌లో పేరు రాయించండి. పొద్దున తొమ్మిదిన్నరకి అందరూ అక్కడే నిలబడతారు.